నాన్న బండికి నేను పెట్టిన చుక్కలు

నాకు అనుమానం ఎక్కువ. ఎవరో నా మీద వేసిన నింద కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. బేగంపేటలో ఒక ఆఫీసులో ఇరవై ఏళ్ల పైనుంచీ నా ఉద్యోగమే అది. కొత్తగా కొలువులో చేరబోయేవాళ్లు తమ గురించి రాసుకున్నవి నిజమో కాదో నాలుగు చోట్లకి ఫోన్ చేసి తేల్చాలి. మూడేళ్లు ఫలానా చోట పనిచేశానని రాసినవాడు ఆ మూడేళ్లూ యూసుఫ్‌గూడలో అద్దె గదిలో పడుకుని ఉన్నాడని కనుక్కున్న రోజున నాకు అన్నం బాగా సయిస్తుంది. పొద్దస్తమానం అబద్ధాలు వెతికే మనిషికి సాయంత్రం ఇంటికొచ్చాక ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? పాలప్యాకెట్టయినా చేత్తో బరువు చూసిగానీ ఫ్రిజ్‌లో పెట్టను.

మా నాన్న ఇందుకు సరిగ్గా ఎదురు. కరెంటు ఆఫీసులో స్తంభాలెక్కే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి ఊరెళ్లేవాడు. కూరగాయలు తూస్తుంటే తక్కెడ వైపు చూడకుండా, తూచే ఆమె పిల్లల చదువు గురించి అడిగేవాడు. నేను గొణిగితే, "ఆమె నాకెందుకు అబద్ధం చెప్తది బిడ్డా?" అనేవాడు. ఎవరి గురించి ఏం చెప్పినా ఇదే మాట. నేను పెళ్లి చేసుకోలేదు, అమ్మానాన్నలతోనే ఉండిపోయాను కాబట్టి ఈ మాట మీద మా ఇద్దరికీ రోజూ వాదన నడిచేది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. నా వైపు నుంచి వాదన ఇంకా ఆగలేదు.

ఆయన వస్తువుల్లో నేను పట్టుబట్టి ఉంచుకున్నది బండి ఒక్కటే. కుడికాలితో గేర్లు వేసి ఎడమకాలితో బ్రేకు తొక్కే కాలం నాటిది, మూడొందల యాభై సీసీ. నేను పుట్టకముందే కొన్నాడు. ఆదివారం పొద్దున మమ్మల్ని చర్చికి తీసుకెళ్లింది అదే. ముందు ట్యాంకు మీద నేను, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో బైబిలు సంచి. నాకు నడపడం నేర్పింది కూడా నాన్నే, బేగంపేట పాత విమానాశ్రయం వైపు ఖాళీ రోడ్ల మీద.

ఆ ఇంజన్ మీద నాన్న తర్వాత చెయ్యి పడింది ఇంకొక్క మనిషిదే. పంజాగుట్టలో ఫ్లైఓవర్ దిగి లోపలికి వెళ్తే సందులో ఆయనది రేకుల షెడ్డు. నాన్న ఆయన్ని తమ్మీ అనేవాడు, నాకు బాబాయి వరస కాబట్టి నేను కాకా అంటాను. నాన్న బండి అక్కడ వదిలేసి, ఏం చేస్తున్నాడో అడక్కుండా నడుచుకుంటూ ఇంటికొచ్చేసేవాడు. ముప్పై ఏళ్లు అంతే. నాకు ఒళ్లు మండిపోయేది. పాత బండ్ల అసలు సామాను ఇప్పుడు కావాలంటే దొరకదు. షెడ్డుకి వెళ్లిన బండిలోంచి మంచి ఆయిల్ పంపు ఊడదీసి, అరిగిపోయినది బిగించి పంపేవాళ్లున్నారని పాత బండి ఉన్న ఎవరినడిగినా చెప్తారు. కాక అలాంటివాడైతే నాన్న ముప్పై ఏళ్లు మోసపోయినట్టు, నేను గెలిచినట్టు. గెలవాలని ఉండేది. గెలిస్తే నాన్న వెర్రిబాగులవాడని తేలిపోతుందన్న భయమూ ఉండేది. ఈ రెండూ నాలో ఒకేసారి ఉండేవి.

నాన్న మంచాన పడ్డ ఏడాది బండి కదల్లేదు. ఆయన పోయాక ఇంజన్ దించి పని చేయించక తప్పలేదు. ఆ ఇంజన్ తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి కాక దగ్గరకే పంపాను. పంపేముందు మాత్రం సెల్లార్‌లో పీట వేసుకుని కూర్చుని, నా నెయిల్ పాలిష్ తీసి ఇంజన్ మీద ఏడు చోట్ల ఆవగింజంత చుక్కలు పెట్టాను. కార్బొరేటర్ అడుగున ఒకటి, హెడ్డు పక్కన ఒకటి, కుడివైపు పెద్ద మూత అంచున ఒకటి, ఇలా చూసేవాళ్లకి తెలియని చోట్లలో. ముదురు మెరూన్ రంగు. ఏ భాగం మార్చినా దాని మీద చుక్క ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు వారాలకి బండి వచ్చింది. కాక కీ నా చేతిలో పెట్టి, "అన్న ఉంటే ఒక రౌండ్ కొట్టొచ్చేటోడు" అన్నాడు. ఆయన అటు వెళ్లగానే నేను మోకాళ్ల మీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టాను. ఏడూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను కూడా.

నెల తిరక్కుండా సెల్లార్ టైల్స్ మీద ఆయిల్ మరక కనిపించింది. మొదటివారం రూపాయి బిళ్లంత, తర్వాత పూరీ అంత. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ మూడో అంతస్తులో ఉంటాడు, రాజమండ్రి మనిషి. లిఫ్టు దగ్గర నన్ను ఆపాడు. "మేడం గారూ, ఏంటండీ ఇది? నిన్న మా ఆవిడ జారిపోబోయిందండి. ఈ నెలాఖరుకి ఆ లీకు ఆపించండి. లేదంటే బండి బయట పెట్టుకోవాలండి, తప్పదు." బయట అంటే మా అమీర్‌పేటలో మెట్రో స్తంభాల కింద, దుమ్ములో, వానలో. ఆయన రెండో కారు కొనబోతున్నాడనీ, నాన్న బండి చోటు మీద కన్నేశాడనీ నాకు అప్పటికప్పుడే అర్థమైపోయింది. ఆ కారు ఇప్పటిదాకా రాలేదు, అది వేరే సంగతి.

నేను బండిని ఊరికే వదిలేశానని ఎవరూ అనలేరు. ప్రతి ఆదివారం నాన్న చేసినట్టే చేసేదాన్ని. చర్చికి బయల్దేరే ముందు ఆయన బండి పక్కన గొంతుక్కూర్చుని, ఇంజన్ మీదున్న ఆయిల్ మూత తిప్పి తీసేవాడు. ఆ మూతకి కింద పొడుగ్గా గీతల పుల్ల ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, పైకెత్తి వెలుగులో చూసేవాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు నా కళ్లారా చూశానో. నేనూ అచ్చం అలాగే చూసేదాన్ని. ఏ ఆదివారం చూసినా ఆయిల్ కింది గీతకంటే తక్కువే ఉండేది. పై గీత దాకా పోసి, కిక్ కొట్టి, పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్లొచ్చి స్టాండు వేసేదాన్ని. సాయంత్రానికి కింద మరక. మరుసటి ఆదివారానికి మళ్లీ ఆయిల్ తక్కువ.

బండి కింద అట్టముక్కలు పరిచి, వాటి మీద తేదీలు వేసి దాచడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆ అట్టల్ని బల్ల మీద వరసగా పెట్టి చూస్తే ఒక విషయం తోచింది. కింద పడ్డది చూస్తే పావు గ్లాసు కూడా ఉండదు. నేను పోస్తున్నది గ్లాసుకి పైనే. మిగతాది ఏమవుతోంది? ఎవరో తీస్తున్నారు!

మొదట వాచ్‌మన్ మీద పడింది నా కన్ను. గేటు కొత్తగా కిర్రుమనడం మానేసింది. గేటుకి రాయడానికి ఆయిల్ ఎక్కడిది? అడిగితే ఒప్పుకోడని తెలుసు. అందుకని నా తల్లోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి, ఆయిల్ మూతకీ ఇంజన్‌కీ కలిపి జిగురుతో అంటించాను. మూత తిప్పితే వెంట్రుక తెగుతుంది. వారం తర్వాత చూస్తే వెంట్రుక అలాగే ఉంది, ఆయిల్ మాత్రం తగ్గింది. వాచ్‌మన్ నిర్దోషి అని తేలింది. ఆ సంగతి పాపం అతనికి తెలియదు, అంతకుముందు అతను దొంగ అని కూడా తెలియదు.

మూత తియ్యకుండా ఆయిల్ పోతోందంటే తప్పు ఇంజన్‌లోనే ఉంది. ఇంజన్ కట్టింది కాక.

లీకు ఎక్కడిదో పట్టే పద్ధతి నాన్న దగ్గర చూసిందే. ఇంజన్‌ని కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక ఒళ్లంతా పౌడరు చల్లాలి. తర్వాత బండి స్టార్ట్ చేస్తే ఆయిల్ ఎక్కడినుంచి వస్తుందో అక్కడ మొదట పౌడరు నల్లబడుతుంది. కిందింటివాళ్లయితే ముగ్గుపిండి వాడతారు. మా ఇంట్లో అది ఉండదు కాబట్టి అమ్మ మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చాను. తెల్లగా, మల్లెపూల వాసనతో బండి నా ముందు నిలబడింది. కిక్ కొట్టి, టార్చి పట్టుకుని కూర్చున్నాను.

రెండు నిమిషాలకే హెడ్డు కింద అతుకులో పెట్టే ప్యాకింగ్ దగ్గర ఒక నల్లగీత. సరే దొరికావు అనుకునేలోగా కుడివైపు మూత అంచున ఇంకొకటి. తర్వాత ఇంజన్ ఊపిరి వదిలే రబ్బరు పైపు మూతిలోంచి బొట్టు బొట్టుగా. ఆ వెంటనే ఎడమవైపు. ఒక్కచోట అని కాదు, సందున్న ప్రతిచోటా ఒకేసారి కారుతోంది. ఇంజన్ కొత్తగా కట్టి అయిదు నెలలు కాలేదు. ప్యాకింగులన్నీ నాసిరకం వేశాడనుకున్నాను.

బండి ఆపి, టార్చి దగ్గరగా పెట్టి ఆ కుడివైపు మూత చూస్తున్నప్పుడు నా చుక్క కనిపించింది. ఆవగింజంత, అంచున, నేను పెట్టిన చోటే. కానీ రంగు నాది కాదు. నాది మెరూన్. ఇది గులాబీ కలిసిన ఎరుపు. కార్బొరేటర్ కింద చూశాను, అది మెరూనే. పంపు మూతలు రెండింటి మీదా చూశాను, గులాబీ ఎరుపు. మొత్తం ఏడింటిలో మూడు నావి కావు. ఇంట్లోంచి నా డబ్బా తెచ్చి పక్కన పెట్టి మరీ చూశాను. భాగాలు మార్చి, నా కళ్లు గప్పడానికి వాటి మీద దొంగ చుక్కలు పెట్టాడు! అసలు సంతకం పక్కన దొంగ సంతకం పెట్టి చూపించినట్టే ఉంది. ఆ క్షణంలో నాకు కోపం ఎంతో, సంబరం ఎంతో ఇప్పటికీ చెప్పలేను. నాన్న ఫొటో ఉన్న గదిలోకి ఆ సాయంత్రం వెళ్లలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి బండి వేసుకుని పంజాగుట్ట వెళ్లాను. షెడ్డులో కాక ఒక బండి చక్రం ఊడదీసి కూర్చున్నాడు. ఇద్దరు గిరాకీలు స్టూళ్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగింది. "రా బిడ్డా, చాయ్ తాగుతవా?" అన్నాడు.

తాగనన్నాను. కారుతున్న ఇంజన్ చూపించాను. మూడు చుక్కలూ చూపించాను. నా డబ్బా తీసి పక్కన పెట్టాను. "సామాను మార్చేసి, పైన చుక్క పెడితే నేను పట్టుకోలేననుకున్నారా? మా నాన్న అయితే చూసేవాడు కాదు, ఆయన మిమ్మల్ని నమ్మాడు. ముప్పై ఏళ్లలో ఇంకా ఏమేం పోయాయో ఆ దేవుడికే తెలియాలి" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆఫీసులో ఫోన్‌లో మాట్లాడినప్పుడు కూడా నేను అంత గట్టిగా మాట్లాడను.

కాక లేచి నిలబడి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. గిరాకీల్లో ఒకాయన టీ కప్పు కింద పెట్టి, "నేను మల్లొస్త భాయ్" అని తన బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. కాక అతను వెళ్లిన వైపు కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆదివారం పొద్దుగాల నేనే మీ ఇంటికొస్త. అప్పటిదాంక బండి ముట్టకు. ఆయిల్ సుత పొయ్యకు" అన్నాడు. అంతే. చుక్కల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. దొంగే కాకపోతే ఎందుకు మాట్లాడడు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఆదివారం ఆరున్నరకే వచ్చాడు, చేతిలో పానాల సంచితో. అమ్మ కూడా ఫ్లాస్కులో టీ పోసుకుని సెల్లార్‌లోకి దిగి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. కాక బండిని ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడి, "ఆదివారం నువ్ ఎట్ల చేస్తవో గట్లనే చెయ్ బిడ్డా. నేను చూస్త" అన్నాడు.

నేను గొంతుక్కూర్చుని, అప్పటికీ మానకుండా వారం వారం అంటిస్తున్న వెంట్రుక ముందు తీశాను. అది తీస్తున్నప్పుడు ఆయన చూస్తున్నాడని తెలిసి నా చెవులు వేడెక్కాయి. మూత తిప్పాను, పుల్ల తుడిచాను, ముంచాను, ఎత్తి చూపించాను. ఆయిల్ కింది గీతకి దిగువనే ఉంది. "చూశారా?" అని డబ్బా అందుకున్నాను.

"ఆగు" అన్నాడు కాక. "ముందుగాల కిక్ కొట్టవా?"

"లేదు. ఆయిల్ చూసే కదా స్టార్ట్ చెయ్యాలి. నాన్న అలాగే చేసేవాడు. నేను చూశాను."

కాక అమ్మ వైపు చూశాడు. అమ్మ అంది. "గట్లెప్పుడు చేసిండు? నీకు యాది లేదా? ముందుగాల కిక్ కొట్టి బండి మోగనిచ్చేటోడు. అది మోగుతుంటే నేను లోపట నీకు జడలేసేదాన్ని. రెండు జడలు అయ్యేదాంక బందు చెయ్యకపోయేటోడు. జల్ది కానీ, పెట్రోలు కాలుతున్నదని అరిచేటోడు. జడలైనంక బందు చేసి, జర ఆగి, అప్పుడు పుల్ల తీసేటోడు. నువ్వు రిబ్బన్లు కట్టంగనే బయటికి ఉరికేదానివి. నువ్వు చూసింది గంతే."

దువ్వెన నెత్తికి గట్టిగా తగలడం, బయట బండి డుగుడుగుమని మోగడం, ఆ మోతకి కిటికీ చువ్వలు అదరడం, అన్నీ గుర్తున్నాయి. అవి ఒక గుర్తు, నాన్న పుల్ల చూడటం ఇంకో గుర్తు. రెండూ ఒకే ఆదివారంవి అని, ఒకదాని తర్వాత ఒకటి అని నేను ఎప్పుడూ కలుపుకోలేదు.

కాక పాత పెయింటు డబ్బా ఇంజన్ కింద పెట్టి, అడుగున ఉన్న బోల్టు విప్పాడు. ఆయిల్ దబదబా పడింది. డబ్బా నిండుతుంటే ఇంకోటి అడిగాడు. అమ్మ పైకెళ్లి బకెట్ తెచ్చింది. తర్వాత రెండో బోల్టు విప్పాడు. అంతా కారాక లీటరు మగ్గుతో కొలిచి చూపించాడు. రెండు లీటర్ల చిల్లర పట్టే ఇంజన్‌లో మూడు లీటర్లు దాటి ఉంది.

"గీ పాత ఇంజన్‌ల ఆయిల్ ఉండేది రెండు జాగల" అన్నాడు కాక, కింద కూర్చుని వేలితో చూపిస్తూ. "పైన ఒక అర, కింద ఒక గుంత. వారం నిలబడితే పైనున్నది మెల్లగ గుంతలకు దిగుతది. అది దాని అలవాటు. పుల్ల చూపించేది పైనున్నదే. బండి జరసేపు నడిస్తే పంపు దాన్ని మల్ల పైకి తెస్తది, అప్పుడు చూస్తే లెక్క సరిపోతది. నువ్ చల్లని ఇంజన్ల చూసినవ్. ఆయిల్ ఏడికీ పోలే బిడ్డా, కిందనే ఉన్నది. నువ్ మల్ల పోసినవ్. వారం వారం పోసినవ్. ఇగ అదేం చేస్తది? జర పొగల కాల్చింది, రోడ్డు మీద, ఈడ, సందు దొరికిన కాడల్ల కక్కింది."

ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు బాగుండేది. అయిదు నెలలు ఆ బండి కింద అట్టముక్కలు పరిచి, వెంట్రుకలు అంటించి, వాచ్‌మన్‌నీ సెక్రటరీనీ కాకనీ అనుమానించి, ప్రతి ఆదివారం నా చేత్తో నేనే లీకు పోశాను.

అక్కడితో ఆగాల్సింది. ఎవరైనా ఆగేవారు. కానీ నాకు మూడు చుక్కలు మిగిలే ఉన్నాయి. "మరి ఈ రంగు?" అన్నాను, గొంతు తగ్గించి.

కాక తల గోక్కున్నాడు. "థిన్నర్‌తోని కడిగిన. మూతలు మెరవాలె, అన్న బండి గద అని. ఏదో రంగు అంటిందనుకున్న, తుడుస్తే పోయింది. తర్వాత కార్బొరేటర్ కింద సుత గదే చుక్క కనవడ్డది. అప్పుడు సమజైంది, నువ్వే పెట్టినవని. ఇచ్చేనాడు చుక్కలు లేకపోతే నువ్ ఫికర్ చేస్తవ్ గద. మా బిడ్డ నెయిల్ పాలిష్ తెచ్చి, ఏడేడ ఉండెనో యాదికి తెచ్చుకుని పెట్టిన." చుక్క వైపు వంగి చూసి, నిజంగానే తెలియక అడిగాడు. "రంగు కలవలేదా?"

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఆయిల్ ఎట్లాగూ దించినం" అంటూ కాక పానా తీశాడు. "మూత ఇప్పి చూపిస్త. నేను ఎప్పుడు ఇంజన్ ఇప్పినా మూత లోపటివైపు ఉక్కు పంచు పెట్టి కొట్టి చుక్కంత ఒక పోటు పెడ్త. మా ఉస్తాద్ నేర్పిండు. ఎన్నిసార్లు చెయ్యి పడ్డదో తెలువాలె అని."

అక్కర్లేదు కాకా అని అనొచ్చు. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ నేను అనలేదు. టార్చి తీసి వెలుగు పట్టాను. ఆయన బోల్టులు ఒక్కొక్కటే విప్పి, మూత ఊడదీసి, గుడ్డతో తుడిచి, నా కళ్ల ముందు తిరగేశాడు. లోపల అంచున వరసగా నాలుగు పోట్లు, ఆయిల్‌కి నల్లబడి ఉన్నాయి. వాటి పక్కన అయిదోది, కొత్తది, ఇంకా మెరుస్తోంది. ముప్పై ఏళ్ల నుంచీ అదే మూత. పంపు మూతలు రెండూ కూడా విప్పి చూపించాడు. వాటిలోనూ అవే అయిదు. నేను మూడూ చూశాను. సరిగ్గా లెక్కపెట్టి మరీ చూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

"అన్న ఇవి ఎన్నడూ చూడలే" అన్నాడు కాక, మామూలుగా. "ఎన్నడూ అడగలే."

తర్వాత పని మొదలైంది. ప్యాకింగ్ షీటు మూత మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంట టకటకమని కొడుతూ పోతే మూత ఆకారంలో కాగితం తెగి వచ్చింది. గ్రీజు రాసి, మూతలు బిగించి, ఊపిరి పైపు కడిగి, కొలిచి ఆయిల్ పోశాడు. ఇంజన్ తుడిచి ఆరబెట్టి, అమ్మ పౌడరు తీసుకుని తనే చల్లాడు. నన్ను కిక్ కొట్టమన్నాడు. రెండో కిక్కుకి అందుకుంది. మోగుతూనే ఉంది. పదిహేను నిమిషాలు ముగ్గురం ఆ తెల్లటి ఇంజన్‌ని చూస్తూ నిలబడ్డాం. పౌడరు ఎక్కడా నల్లబడలేదు. బండి ఆపి, కాస్త ఆగి పుల్ల తీస్తే ఆయిల్ సరిగ్గా పై గీత మీద ఉంది.

క్షమించమని అడిగాను. తెలిసీ తెలియక అన్నాను, అందరి ముందూ అనకూడని మాట అన్నాను కాకా అన్నాను. ఏడుపొచ్చింది. ఆయన, "ఏం కాదు బిడ్డా, ఊకో. బండి మంచిగైంది గద" అన్నాడు. అమ్మ పోసిన టీ నిలబడే తాగి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ వారం నేను షెడ్డుకి వెళ్లి, ఆ రోజు వెళ్లిపోయిన గిరాకీ ఎవరో చెప్పండి, నేనే వెళ్లి మాట్లాడతానన్నాను. "పోనీ తియ్, ఆయన వేరే కాడ చేయించుకుంటుండు" అన్నాడు.

లీకు మళ్లీ రాలేదు. సెక్రటరీ గారి భార్య ఇప్పుడు జారకుండా నడుస్తోంది. ఆదివారం నేను ముందు కిక్ కొట్టి, అది మోగుతుండగా అమ్మకి జడ వేస్తాను. జుట్టు పలచబడి జడ తొందరగా అయిపోతుంది. అందుకని విప్పి ఇంకోసారి వేస్తాను. అప్పుడు దిగి బండి ఆపి, పుల్ల చూస్తాను.

రెండుమూడు నెలలకోసారి బండి కాక దగ్గరికి వెళ్తుంది, కేబుల్ అనో, ప్లగ్గు అనో, ఏదో ఒకటి. వెళ్లిన రోజల్లా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ప్లగ్గు విప్పక ముందు ఫొటో. విప్పాక ఫొటో. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫొటో. బిగించాక ఇంకోటి. మూత విప్పాల్సి వస్తే లోపలి పోట్లు కనిపించేలా దగ్గర్నుంచి తీసిన ఫొటో. ఫొటోలు తీసి పంపడం రాని మనిషి, దీనికోసమే కూతురి దగ్గర నేర్చుకున్నాడట. "ఇవన్నీ వద్దు కాకా, మీ మీద నాకు నమ్మకమే" అని ఎన్నిసార్లు చెప్పానో. "ఉండనీ బిడ్డా, మంచిదే గద" అంటాడు. కోపంగా అనడు. ఆ తర్వాతి ఫొటో వస్తుంది.

నాన్న ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న బండి షెడ్డులో ఉన్న రోజున, నా ఫోన్‌కి వరసగా తొమ్మిది ఫొటోలు వచ్చాక, ఆయన ఫోన్ ఛార్జింగ్ పెట్టి తెరిచాను. కాక నంబరు నొక్కి, ఇద్దరి మధ్యా నడిచిన మెసేజ్‌లన్నీ మొదటినుంచీ చూశాను. క్రిస్మస్‌కి కాక, దసరాకి నాన్న పంపుకున్న పూల బొమ్మలున్నాయి. కాక బండి గురించి గొంతుతో పంపినవి పది పన్నెండు ఉన్నాయి, అన్నిట్లోనూ ఒకటే మాట. "అన్నా, బండైంది. తీస్కపో." విప్పిన ఇంజన్ ఫొటో ఒక్కటి కూడా లేదు.